ఆరున్నర బ్యాచ్ తారీఖులు

1999

13 జూన్, ఆదివారం
డాబా మీద రేకుల గదిలోకి ఇద్దరు కుర్రాళ్ళు దిగారు. శ్రీధర్ — రాజమండ్రి, మైత్రీవనంలో కోబాల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాట్ట. జోసెఫ్ — గుంటూరు, పంజాగుట్టలో ఏదో కంపెనీలో ఆ కోబాల్‌తోనే ఉద్యోగం. రెండు సూట్‌కేసులు, ఒక స్టవ్వు, రెండు పొడుగాటి నల్ల సంచులు. సంచుల్లో ఏంటి బాబూ అన్నాను. "గిటార్లు ఆంటీ. మెల్లగానే వాయిస్తాం." ఆయన నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

20 జూన్, ఆదివారం
మెల్లగా అంటే ఇదా!

27 జూన్, ఆదివారం
మూడోవాడు కూడా వచ్చాడు. ఖదీర్. వాళ్ళ నాన్నకి మెయిన్ రోడ్డు మీద కూలర్లు బాగుచేసే షాపు. కూలర్లు తోలే తోపుడు బండి మీద డ్రమ్ములు తెచ్చాడు — వాళ్ళ చాచా పెళ్ళి బ్యాండు మూసేస్తే మిగిలిన సామానట. ఒక్కొక్కటే మెట్లెక్కిస్తున్నాడు. ఆయన మధ్యాహ్నం కునుకు పోయింది.
"ఇంకెన్ని డ్రమ్ములున్నాయయ్యా?"
"గంతే సార్. ఇగ తాళాలే. ఫికర్ జెయ్యకుండ్రి."
తాళాలంటే చిన్నవనుకున్నాం. పళ్ళేలంత ఉన్నాయి.

4 జూలై, ఆదివారం
బట్టలారేయడానికి వెళ్ళి దండెం దగ్గరే నిలబడిపోయాను. తెలుగులోనే పాడుతున్నారు — అంటే, తెలుగనుకుని. "నా హృదయం నీకై కొట్టుకుం..." అని ఆగిపోతున్నాడు శ్రీధర్. మిగతా మాట బాణీలో పట్టదు. ఒకసారి కాదు, పదిసార్లు. కొట్టుకుం. కొట్టుకుం. ఇరవై ఏళ్ళుగా తొమ్మిదో తరగతికి సంధులూ సమాసాలూ చెప్పేదాన్ని — ఎంతసేపని ఊరుకుంటాను?
"బాబూ, మాటని నడిమికి నరక్కూడదు. రక్తం కారుతుంది."
ముగ్గురూ బిత్తరపోయారు. శ్రీధర్ నవ్వి — "అయితే మీరే రాయండి ఆంటీ."
పాపం, ఊరికే అన్నాడు.

9 జూలై
యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. మార్జిన్‌లో పాదాలు వస్తున్నాయి. ఒక పిల్లవాడి పేపర్ మీద రాసేసి మళ్ళీ రబ్బరు పెట్టి చెరపాల్సొచ్చింది. పెళ్ళికి ముందు ఎప్పుడో రాసేదాన్ని. తర్వాత ఎందుకు మానేశానో అని ఆలోచిస్తే కారణమేదీ కనబడదు. మానేశాను, అంతే.

18 జూలై, ఆదివారం
ఈ తారీఖు గుర్తుండాలి.
పొద్దున ఇడ్లీల గిన్నె మీద కాగితం మడిచి పెట్టి పైకి పంపాను. పదినిమిషాల్లో శ్రీధర్ కిందికి పరిగెత్తుకొచ్చాడు. చేతికి చట్నీ. "ఆంటీ, పైకి రండి, ఇప్పుడే."

ఊరడిగింది — ఏ ఊరు నీదని
నేనన్నాను — ఇంకా నిర్ణయించలేదని

అప్పటికే బాణీ కట్టేశాడు. వింటుంటే ఒళ్ళు జలదరించింది — నేను రాసిందే. అయితే ఆ 'నిర్ణయించలేదని' దగ్గర పేచీ. పాఠ్యపుస్తకంలా ఉంది ఆంటీ అంటాడు. 'ఫిక్స్ అవలేదని' అంటాట్ట. నా కంఠంలో ప్రాణముండగా వీల్లేదన్నాను. జోసెఫ్ నేల చూస్తున్నాడు. డ్రమ్ముల వెనక నుంచి ఖదీర్ —
"మేడం, మా దిక్కు 'సోంచాయించుడు' అంటరు. ఆలోచన జేసుడన్నట్టు. గది పెడితే?"
సోంచాయించలేదని.
శ్రీధర్ పాడాడు. రగణం పోయి మగణం వచ్చి కూర్చుంది, పాట అక్కడ ఎగిరింది. తెలుగు పండితురాలిని, నా పాటలో సోంచాయించు! మళ్ళీ పాడమన్నాను.
మధ్యాహ్నం దాకా అదే. కింద ఆయన కూరలో ఉప్పు మర్చిపోయావన్నారు. మర్చిపోయాను.

25 జూలై
రెండో చరణం.
"నీళ్ళ ట్యాంకు పక్కన దండెం ఒకటే — నీ చొక్కా నా చొక్కా దాని మీదే."
ఇది మాత్రం వాళ్ళ బట్టలు చూసి రాసింది. చెప్పలేదు.

12 సెప్టెంబర్, ఆదివారం
మొదటి ప్రోగ్రాం. శ్రీధర్ చదివే ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవం, సెల్లార్ పార్కింగులో. నేనూ ఆయనా స్కూటర్ల వెనక నిలబడ్డాం. మైకు పట్టుకున్న అమ్మాయి బ్యాండు పేరేంటని అడిగింది. ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు — పేరే పెట్టుకోలేదు! జోసెఫ్ అసలు మాట్లాడడు, వాడు మైకు దగ్గరికి వంగి, "మేమంతా... ఆరున్నర బ్యాచ్ అండీ" అన్నాడు. పొద్దున్న ఆరున్నర క్లాసుకి కళ్ళు నులుముకుంటూ పరిగెత్తే పిల్లలే అందరూ. సెల్లార్ పైకప్పు లేచిపోయింది.
మన పాట మూడుసార్లు పాడించారు. మూడోసారి వాళ్ళే పాడారు, శ్రీధర్ గిటారు మాత్రం వాయించాడు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా అన్ని యాసల్లోనూ 'సోంచాయించలేదని'.
ఇంటికొస్తూ ఆయన — "పర్లేదు, బానే రాశావు."
ఇరవై రెండేళ్ళ కాపురంలో ఇంత పొగడ్త ఇదే.

2000

8 జనవరి, శనివారం
కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. ఏవీ ఆగలేదు. జోసెఫ్ ఉద్యోగం ఆగింది. తేదీలు సరిచేసే పని అయిపోయిందిట, ఇంక రావక్కర్లేదన్నారట. "పర్లేదక్కా, రోజంతా ప్రాక్టీసు చేసుకోవచ్చు" అంటాడు. వాడికి గోంగూర ఇష్టం. చేశాను.

9 జనవరి
రంజాన్. ఖదీర్ వాళ్ళమ్మ షీర్ ఖుర్మా పంపింది. ఆయనకి షుగర్. మూడు కప్పులు తాగారు.

2 ఏప్రిల్, ఆదివారం
క్యాసెట్టు వేస్తారట! కోఠీలో ఒక చిన్న కంపెనీ. ఎనిమిది పాటలు, నావి ఐదు. అట్ట మీద రచన దగ్గర ఎవరి పేరని అడిగాడు శ్రీధర్. మా హెడ్‌మిస్ట్రెస్ కళ్ళ ముందు కనిపించింది — మొన్నే ఒక టీచరు జుట్టు కత్తిరించుకుందని స్టాఫ్ మీటింగ్ పెట్టిన మనిషి. రాక్ పాటలు రాసే తెలుగు టీచరంటే!
"నా పేరొద్దు బాబూ. ఇంకేదైనా పెట్టుకోండి."
"నిజంగానా ఆంటీ?"
"నిజంగానే."
ఖదీర్ ఏదో అనబోయాడు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికొచ్చేశాను.

11 జూన్, ఆదివారం
క్యాసెట్టు చేతికొచ్చింది. రేపర్ విప్పి, అట్ట మడత తీస్తే సన్నక్షరాలు. రచన, సంగీతం, గానం: శ్రీధర్.
ఏదైనా అన్నాను కదా. ఆ ఏదైనాలో అతనూ ఉన్నాడు. అనుకోలేదు, అంతే.
టేపురికార్డర్‌లో వేసి సాయంత్రం దాకా విన్నాం. ఎంత బావుందో! ఆయన అట్ట చదివి, నన్ను చూశారు. మళ్ళీ మొదటి నుంచి పెట్టారు.

2001

3 ఫిబ్రవరి
కుర్రాళ్ళు కృష్ణానగర్‌కి మారిపోయారు, పెద్ద గది దొరికిందిట. డాబా మీద డ్రమ్ముల కాళ్ళ గుర్తులు నాలుగు, సిమెంటులో. దండెం నిండా మా బట్టలే. ఆదివారాలు వస్తామన్నారు.

11 ఫిబ్రవరి, ఆదివారం
వచ్చారు. ముగ్గురికీ పెసరట్లు. శ్రీధర్ ఆరు తిన్నాడు.

14 ఆగస్టు, మంగళవారం
షేరాటో. పంజాగుట్ట నుంచి వస్తున్నాను. ఆటోలో మన పాట! పక్కన ఇద్దరు హాస్టలమ్మాయిలు పెదాలు కదుపుతున్నారు. రెండో చరణం వచ్చింది — ట్యాంకూ, దండెం, చొక్కాలూ. ఒకమ్మాయి రెండోదాని భుజం మీద తల వాల్చింది.
"ఎవరు రాశారే ఇది?"
"ఆ సింగరే. ఎంత ఫీలయ్యి రాశాడో కదా."
నేను దిగాల్సిన చోటు దాటిపోయింది. యూసుఫ్‌గూడ దాకా వెళ్ళి తిరిగి నడిచి వచ్చాను. కాళ్ళు నొప్పి. ఎందుకో నవ్వుకుంటూనే ఉన్నాను.

17 నవంబర్, శనివారం
పెద్ద గ్రౌండు. ఎంతమందో లెక్క తెలీదు. కనుచూపు మేర తలలే. మాకు ముందు వరసలో కుర్చీలు. వెనక పిల్లలంతా నిలబడే ఉన్నారు, కూర్చోవడానికి సిగ్గేసింది. ఆరున్నర బ్యాచ్! ఆరున్నర బ్యాచ్! అని అరుపులు. ఆయన చెవుల్లో దూది పెట్టుకొచ్చారు. రెండో పాటకి తీసేసి జేబులో వేసుకున్నారు. ఆఖరి పాటకి చప్పట్లు కొట్టి కొట్టి వాచీ పట్టీ తెగ్గొట్టుకున్నారు.
ఊరడిగింది... అని మొదలెట్టి శ్రీధర్ మైకు జనం వైపు తిప్పాడు.
నా మాటలు, అన్ని గొంతుల్లో. ఈ ఒక్కటి చాలు, పేరెందుకు అనుకున్నాను.
నిజంగానే అనుకున్నాను.

2002

14 జూలై, ఆదివారం
పేపర్లో శ్రీధర్ ఇంటర్వ్యూ, సగం పేజీ. నల్ల చొక్కా, బావున్నాడు. ఆ పాట ఎలా పుట్టిందని అడిగారు. "ఒక వాన పొద్దున హాస్టల్ కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుని పది నిమిషాల్లో రాసేశాను. కన్నీళ్ళు ఆగలేదు" అన్నాడు.
మా రేకుల గదికి ఉన్నది ఒకటే కిటికీ. తెరిస్తే ఎదురుగా నీళ్ళ ట్యాంకు.
మొదట నవ్వొచ్చింది. తర్వాత వంకాయలు తరుగుతూ తరుగుతూ కత్తిపీట పక్కన పెట్టేశాను. పేరు లేకపోవడం వేరు. ఇది వేరు. ఆ ఉదయాన్నీ, ఇడ్లీల గిన్నెనీ, చట్నీ చేతినీ ఎవరో ఎత్తుకుపోయినట్టుంది.

15 జూలై
సాయంత్రం ఖదీర్ వచ్చాడు, చేతిలో పేపరు ఉండచుట్టి.
"గిదేంది మేడం! పాట మీరు రాసిండ్రు, గా మాట నేనిచ్చిన. ఈయన కిటికీ కాడ కూసొని ఏడ్సిండంట!"
కూర్చోమన్నాను. కూర్చోడు. నిన్నంతా శ్రీధర్‌తో పోట్లాడాట్ట. ఇంక డ్రమ్ములు వాయించనంటాడు. అది మాత్రం వద్దన్నాను. మంచినీళ్ళు తాగించి, మాటలు మార్చి, వాళ్ళ చెల్లెలి పరీక్షల గురించి అడిగి... పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "మీకు కోపం రాదా మేడం?"
వస్తుందని చెప్పాను. మొదటిసారి పైకి అన్నాను ఆ మాట.

18 జూలై, గురువారం
శ్రీధర్ వచ్చాడు. మూడేళ్ళయింది ఈ రోజుకి, వాడికి గుర్తుండదు. చెప్పులు విప్పి అక్కడే నిలబడ్డాడు.
"ఆంటీ... చదివారా?"
"చదివాను. కిటికీ బావుంది."
కుర్చీలో కూలబడ్డాడు. "వాళ్ళు అడిగారు, నోటికొచ్చేసింది ఆంటీ. ఒకసారి మొదలెట్టాక..." తల దించుకుని, "పేరొద్దన్నది మీరే కదా."
నిజమే. "వద్దన్నాను. నేను రాయలేదని మాత్రం అనలేదు" అన్నాను.
తల దించుకునే ఉన్నాడు. అన్నం పెట్టాను. తిన్నాడు. ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఊరంతా వాడి బొమ్మలు. మా ఇంట్లో మాత్రం పెరుగు కలుపుకోవడానికి సిగ్గుపడుతున్నాడు.

3 సెప్టెంబర్, మంగళవారం
జోసెఫ్ వచ్చాడు. బ్యాండుకి ఈ నెలలో మూడేళ్ళు. పేపరు వాళ్ళు ముఖ్యమైన తారీఖులన్నీ కావాలన్నారట, ఆదివారం అనుబంధంలో బాక్సు కట్టి వేస్తారట. "మాకెవరికీ ఒక్కటీ గుర్తులేదక్కా. మీరు డైరీ రాస్తారు కదా?"
రాస్తానని వీడికెలా తెలుసు! రేకుల గది మెట్ల మీద కూర్చుని రాసుకుంటుంటే చూశాట్ట, ఎప్పుడూ అడగలేదట. ఇలాంటి పిల్లవాడు.

5 సెప్టెంబర్
బడిలో టీచర్స్ డే, పిల్లలు ఇచ్చిన గులాబీలు గ్లాసులో పెట్టాను. ఈ పుస్తకాలన్నీ ముందేసుకుని తెల్ల కాగితం మీద రాస్తున్నాను. మొదటి ప్రోగ్రాం. క్యాసెట్టు. గ్రౌండు. తేలిగ్గానే వస్తున్నాయి. జూలై పద్ధెనిమిది దగ్గర పెన్ను ఆగింది.
ఆయన పేపర్ వెనకనుంచి — "అందరికీ తెలిస్తే ఏమవుతుంది?"
"ఉద్యోగం పోవచ్చు."
"పోవచ్చు. ఇంకా?"
ఇంకా ఏమీ తోచలేదు.
రాశాను. 'పాట పుట్టిన రోజు. రచన: సుభద్ర. సోంచాయించు అన్న మాట: ఖదీర్.'

8 సెప్టెంబర్, ఆదివారం
ముగ్గురూ వచ్చారు. కాగితం శ్రీధర్ చేతికిచ్చాను. చదివాడు. రెండోసారి చదివాడు. జోసెఫ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఖదీర్ శ్రీధర్‌ని చూస్తున్నాడు.
"ఇస్తాను" అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలెత్తలేదు.

12 సెప్టెంబర్, గురువారం
పేపర్లో చూసి తెలుసుకునేకంటే నేనే చెప్పడం మర్యాదనిపించింది. హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళాను. రాత్రే రాజీనామా మాటలు కూడా మనసులో కూర్చుకున్నాను. చెప్పాను, మొత్తం. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.
"ఆ సోంచాయించు పాట... మీరా?"
"అవునండీ."
"మా అమ్మాయి పొద్దస్తమానం అదే పాట." ఆగింది. ఇక అయిపోయిందనుకున్నాను. "ఏడేళ్ళ నుంచీ స్కూలు వార్షికోత్సవానికి ఒక్క పాట రాసివ్వండి మేడం అంటే తీరిక లేదన్నారే! వాళ్ళకైతే తీరికుందన్నమాట!"
అదీ ఆవిడ కోపం.
కారిడార్‌లోకి వచ్చి గోడకి ఆనుకుని నవ్వాను. ఏడో తరగతి పిల్లలు వింతగా చూశారు. ఇన్నేళ్ళు దేనికి భయపడ్డానో!

15 సెప్టెంబర్, ఆదివారం
బాక్సు వేశారు. రంగులో. ఏడు తారీఖులు. సెల్లార్ ఉంది, క్యాసెట్టు ఉంది, గ్రౌండు ఉంది. నేను చెప్పని రెండు అవార్డులు కూడా ఉన్నాయి.
జూలై పద్ధెనిమిది లేదు.
పేపరు వాళ్ళు చోటు చాలక తీసేశారో. వీడు ఇవ్వలేదో. ఆయన ఫోన్ దగ్గరికి వెళ్ళి, "అడగనా?" అన్నారు. వద్దన్నాను. ఉప్మా చల్లారిపోయింది, వేడి చేసుకుని తిన్నాం.

16 సెప్టెంబర్
స్టాఫ్ రూంలో అందరి ముందూ హెడ్‌మిస్ట్రెస్ — "ఎక్కడండీ మీ పేరు? మా అమ్మాయి, నేను పేపరంతా వెతికాం." "వెయ్యలేదండీ" అన్నాను. అవమానంగా ఉంటుందనుకున్నాను. లేదు. సైన్సు మేడం పాట మొదలెట్టింది, శ్రుతి లేకుండా. లెక్కల మాస్టారు బల్ల మీద దరువు.

22 సెప్టెంబర్, ఆదివారం
శ్రీధర్ ఒక్కడే వచ్చాడు. కాఫీ ఇచ్చాను.
"ఆ కాగితం ఇచ్చావా?"
"ఇచ్చాను ఆంటీ." కప్పులోకి చూస్తూ అన్నాడు.
నమ్మాలని ఉంది.
కొత్త క్యాసెట్టుకి పాట కావాలట. తను రాసుకున్నవి చూపించాడు, మొహమాటపడుతూ. ఒక పాదం బావుంది, బావుందని చెప్పాను. మిగతావి తనకే నచ్చలేదట. "మీరు రాస్తేనే ఆంటీ..."
"రాస్తాను. నా పేరు వెయ్యాలి."
తన కాగితాలన్నీ ఒక దొంతిగా సర్దాడు. "అట్ట మీద మీ పేరు చూస్తే, మొదటిది ఎవరు రాశారని అడుగుతారు ఆంటీ."
"అడుగుతారు."
"మూడేళ్ళుగా అందరికీ నేనే అని చెప్పాను."
"తెలుసు బాబూ."
గట్టిగా మాట్లాడాలనిపించలేదు, తగ్గాలనీ అనిపించలేదు. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి కాఫీ కప్పు తనే సింకులో పెట్టాడు. రెండు రోజుల్లో చెప్తానన్నాడు.

25 సెప్టెంబర్, బుధవారం
ఖదీర్ ఫోన్. "ఏమన్న జెప్పిండా?" లేదన్నాను. "ఆయన ఒప్పుకోకుంటే నేనొచ్చి మన డాబా మీదనే కొడ్త మేడం, మీరే పాడుండ్రి." నేను పాడితే కాలనీ ఖాళీ అవుతుంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

29 సెప్టెంబర్, ఆదివారం
రెండు రోజులు వారమయ్యాయి. ఏమీ చెప్పలేదు. ఒప్పుకోడేమో. ఒప్పుకుంటే వాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. తెలిసీ అడిగాను.
అయినా నిన్నటి నుంచి రాస్తూనే ఉన్నాను. ఎవరు పాడతారో తెలీదు, రాయకుండా ఉండలేకపోతున్నాను. పొద్దున పల్లవి వచ్చింది, ఇప్పుడు చరణంలో మూడు పాదాలు. ఆయన పక్కన కూర్చుని బెండకాయలు తుడుస్తున్నారు. చదివి వినిపిస్తే, "ఇందులో ఎక్కడా ఊరు లేదే" అన్నారు. లేదు. ఇది వేరే పాట.
పాట పూర్తి కాకముందే కింద పేరు రాసేశాను — ఇంటిపేరుతో సహా, పరీక్ష పేపరు మీద పిల్లలు రాసినట్టు, గుండ్రంగా.
శ్రీధర్ ఇంకా రాలేదు. నాలుగో పాదం కూడా.